ఆసుపత్రి గడప దాటని బీమా – బస్తర్ నేర్పే పాఠం



నేటి ప్రసంగంలో ఒక యంత్రం గురించీ, ఆ యంత్రాన్ని ఒక పేద ఇంటికి చేరనివ్వని ఒక నియమం గురించీ చెప్పుకుందాం. యంత్రం విజ్ఞానశాస్త్రానికి సంబంధించింది. నియమం ప్రజాపాలనకు సంబంధించింది. ఈ రెండింటినీ మీరు వేర్వేరు తరగతుల్లో, వేర్వేరు పుస్తకాల్లో చదువుతారు. కాని రోగి ఇంట్లో ఇవి రెండూ ఒకేచోట కలుస్తాయి. ఆ చోటు ఎలా ఉంటుందో చూడడానికి మనం బస్తర్ వెళదాం.

బస్తర్ మనకు దూరదేశం కాదు. భద్రాచలం దాటి ఉత్తరంగా జాతీయ రహదారి మీద వెళితే శబరి నది ఒడ్డున కొంటా వస్తుంది. అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం మొదలవుతుంది. కొంటాలోనూ, గోదావరి లోయకు దగ్గరగా ఉన్న భోపాలపట్నంలోనూ తెలుగు వినిపిస్తుంది. బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. వీటికి పెద్ద ఆసుపత్రి కేంద్రం జగదల్‌పూర్. కొంటా నుంచి జగదల్‌పూర్‌కు సుమారు 180 కిలోమీటర్లు. అందుకే దక్షిణ బస్తర్ రోగులు చాలామంది భద్రాచలం వైపు, అవసరమైతే వరంగల్ వైపు, విశాఖపట్నం వైపు వస్తుంటారు.

ఒక అవ్వను ఊహించుకుందాం

సుక్మా జిల్లాలో ఒక లోపలి పల్లె. అరవై అయిదేళ్ల అవ్వ. ఆమె పొగ తాగలేదు. కాని నలభై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంట చేసింది. గాలి సరిగా ఆడని గదిలో ఆ పొగను పీల్చింది. ఇలా ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు సన్నబడతాయి, గాలి గదుల గోడలు చెడిపోతాయి. దీన్ని వైద్యులు సీఓపీడీ అంటారు. పొగాకు తరువాత ఈ జబ్బుకు ముఖ్య కారణాలలో వంటచెరకు పొగ ఒకటి. ఉజ్జ్వల పథకం 2016లో వచ్చింది. కాని ఆ గ్యాస్ పొయ్యి ఆమె ఇంటికి చేరేనాటికే ఊపిరితిత్తులకు నష్టం జరిగిపోయి ఉంటుంది. చెడిపోయిన గాలి గదులు తిరిగి మునుపటిలా కావు.

చలికాలంలో ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆయుష్మాన్ కార్డు చూపించారు. పడక దొరికింది. ఆక్సిజన్ పెట్టారు, మందులిచ్చారు. రోగి చేతి నుంచి రూపాయి పోలేదు. ఎనిమిది రోజులకు కోలుకుంది. ఇంటికి పంపుతూ వైద్యుడు, “ఈమెకు ఇంట్లో కూడా రోజుకు 15 గంటలు ఆక్సిజన్ కావాలి” అన్నాడు. అప్పుడు కొడుకు అడిగాడు: “ఆ యంత్రం కార్డు మీద ఇస్తారా, సార్?”

ఈ ప్రశ్నే నేటి మన పాఠం.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

వైద్యుడు చెప్పిన యంత్రం పేరు ఆక్సిజన్ కాన్సంట్రేటర్. ఇది ఆక్సిజన్‌ను తయారు చేయదు, గాలి నుంచి వేరు చేస్తుంది. గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్, దాదాపు 1 శాతం ఆర్గాన్ ఉన్నాయని మీకు తెలుసు. యంత్రంలో జియొలైట్ అనే ఖనిజపు గుళికలు నింపిన రెండు స్తంభాలుంటాయి. గాలిని ఒత్తిడితో మొదటి స్తంభంలోకి పంపితే జియొలైట్ తన సూక్ష్మరంధ్రాల ఉపరితలం మీద నత్రజనిని పట్టి ఉంచుతుంది. ఇది అధిశోషణం. ఆక్సిజన్ ముందుకు సాగిపోతుంది. కొన్ని సెకన్లలో ఆ స్తంభం నిండిపోతుంది. అప్పుడు గాలి రెండో స్తంభంలోకి మళ్లుతుంది. మొదటి దానిలో ఒత్తిడి తగ్గించగానే పట్టుకున్న నత్రజని బయటకు పోతుంది. ఇలా రెండు స్తంభాలు వంతులు మార్చుకుంటూ 90 నుంచి 95 శాతం వరకు శుద్ధి గల ఆక్సిజన్ అందిస్తాయి. నూటికి నూరు శాతం ఎందుకు రాదు? జియొలైట్ ఆర్గాన్‌ను నత్రజనిలా పట్టుకోలేదు. అది ఆక్సిజన్ వెంటే వస్తుంది.

నిమిషానికి 5 లీటర్లిచ్చే యంత్రానికి సుమారు 350 వాట్ల విద్యుత్తు కావాలి. రోజుకు 15 గంటలు నడిస్తే 5.25 యూనిట్లు. నెలకు 150 యూనిట్లు దాటుతుంది. కరెంటు పోతే? 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో లెక్క ప్రకారం 1.8 యూనిట్ల శక్తి ఉంటుంది. దానితో యంత్రం అయిదు గంటలు నడవాలి. ఇన్వర్టర్ నష్టాలు తీసేస్తే నాలుగు గంటలే అనుకోవాలి. కాబట్టి యంత్రం ధర ఒక్కటే ఖర్చు కాదు. దాని వెనుక కరెంటు, బ్యాటరీ, వడపోత శుభ్రత, మరమ్మతు అన్నీ ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

ఇది విలాసమా, ప్రాణావసరమా?

బీమా ఏదైనా సరే, డబ్బు పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. దీనికి విజ్ఞానశాస్త్రం స్పష్టంగానే సమాధానం చెప్పింది. 1981లో బ్రిటన్‌లో వైద్య పరిశోధన మండలి ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన 87 మంది సీఓపీడీ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇంట్లో రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇచ్చారు. రెండో జట్టుకు ఇవ్వలేదు. అయిదేళ్లలో ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో 19 మంది, తీసుకోని 45 మందిలో 30 మంది మరణించారు. అంతకు ముందు ఏడాది, 1980లో, అమెరికాలో వెలువడిన పరీక్ష రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ ఇవ్వడం కన్నా దాదాపు రోజంతా ఇవ్వడం మేలని తేల్చింది.

అయితే ఆయాసం ఉన్న ప్రతివారికీ ఈ యంత్రం కావాలా? అక్కరలేదు. ఆక్సిజన్ కొద్దిగా మాత్రమే తగ్గిన 738 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. వారిలో ఇంటి ఆక్సిజన్ వల్ల ఆయుష్షు పెరగలేదు, ఆసుపత్రిలో చేరడమూ తగ్గలేదు. అంటే విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆక్సిజన్ సంతృప్తత 88 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవారికే దీనితో రుజువైన లాభం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ చర్మం నల్లగా ఉన్నవారిలో అసలుకన్నా కొంచెం ఎక్కువ చూపవచ్చని కూడా 2020లో వెలువడిన ఒక అధ్యయనం హెచ్చరించింది. కాబట్టి సందేహం ఉన్నప్పుడు ధమని రక్తం పరీక్షించి నిర్ధారించుకోవాలి. అవసరమైనవారికి ఇవ్వాలి, అవసరం లేనివారికి ఇవ్వకూడదు. ఈ గీత గీయడానికి శాస్త్రం మన చేతికి కొలబద్ద ఇచ్చింది.

కార్డు ఏమి ఇస్తుంది?

ఇప్పుడు నియమం దగ్గరకు వద్దాం. 2008లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన వచ్చింది. పేద కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించింది. 2018 సెప్టెంబరు 23న ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన మొదలై ఆ పరిమితిని 5 లక్షలకు పెంచింది. కార్డు ఒక రాష్ట్రానిదైనా, పథకంలో చేరిన మరో రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లుతుంది. తెలంగాణ 2021లో ఇందులో చేరింది. కొంటా వాళ్లకు ఇది చాలా పెద్ద మేలు.

ఈ పథకం ఒక భావన మీద నిలబడింది. అది పడక. జబ్బు ఎంత పెద్దదైనా, పడకలో చేరితేనే చెల్లింపు మొదలవుతుంది. చేరడానికి 3 రోజుల ముందు, ఇంటికి వెళ్లిన తరువాత 15 రోజుల వరకు కొన్ని ఖర్చులు కలుస్తాయి. అక్కడితో సరి. శస్త్రచికిత్సలో శరీరం లోపల అమర్చేవి ప్యాకేజీలో భాగమే. గుండెలో స్టెంటు, పేస్‌మేకర్, మోకాలిలో కృత్రిమ కీలు ఇలాంటివి. కాని రోగి ఇంటికి తీసుకువెళ్లి ఏళ్ల తరబడి వాడుకోవలసిన యంత్రానికి ఈ లెక్కలో చోటు లేదు. చర్మం లోపల ఉంటే చెల్లుతుంది, మంచం పక్కన ఉంటే చెల్లదు. అవ్వ కొడుకు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది: “ఇవ్వరు, నాయనా.”

ఒక చిన్న లెక్క వేయండి. 2018 నాటి ప్యాకేజీల పట్టికలో సాధారణ వార్డుకు రోజుకు 1,800 రూపాయలు, వెంటిలేటర్‌తో కూడిన తీవ్ర చికిత్స విభాగానికి రోజుకు 4,500 రూపాయలు. ఇంట్లో ఆక్సిజన్ లేక అవ్వ పరిస్థితి విషమించి పది రోజులు వెంటిలేటర్ మీద ఉంటే 45,000 రూపాయలు. ఇంటి కాన్సంట్రేటర్ ధర కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది. ప్రజాధనం రెండోదానికి పోదు, మొదటిదానికి ఎన్నిసార్లయినా పోతుంది. ఇంటి ఆక్సిజన్ ఆసుపత్రి చేరికలన్నిటినీ ఆపుతుందని నేను అనడం లేదు. కాని ప్రాణం నిలిపే చికిత్సను పడకలో ఉచితంగా ఇచ్చి, ఇంట్లో నిరాకరించడానికి వైద్యశాస్త్రంలో కారణం లేదు. కారణం ఖాతా పుస్తకంలో ఉంది.

రెండో తలుపు కూడా మూసి ఉంది

“వికలాంగులకు పరికరాలు ఇచ్చే పథకాలున్నాయి కదా?” అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. 1981 నుంచి అడిప్ అనే కేంద్ర పథకం ఉంది. చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి, కృత్రిమ కాలు, వినికిడి యంత్రం వంటివి దీని కింద అందుతాయి. వీటిలో చాలావాటిని తయారు చేసేది కాన్పూరులో 1972లో స్థాపించిన అలిమ్‌కో సంస్థ. పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. చేతికర్ర, వాకర్, కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ ఇస్తుంది. వీటిలో ఆక్సిజన్ యంత్రం కనబడదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బస్తర్ ఆదివాసులలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి కూడా ఆ జాబితాలో ఉంది. అది మంచి మాట. కాని ఊపిరితిత్తుల వైఫల్యం ఆ 21లో లేదు. ఇప్పుడు అవ్వ స్థితి చూడండి. ఆరోగ్య బీమా, “నువ్వు ఆసుపత్రిలో లేవు” అంటుంది. వైకల్య పథకం, “నువ్వు వికలాంగురాలివి కావు” అంటుంది. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందని మనిషి రెండు తలుపుల మధ్య నిలబడి ఉంది.

ఇదే యంత్రం మన దేశంలోనే మరికొందరికి ప్రజాధనంతో అందుతోంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పింఛనుదారుల ఆరోగ్య పథకంలో ముందస్తు అనుమతితో ఆక్సిజన్ కాన్సంట్రేటర్, నిద్రలో శ్వాసకు తోడ్పడే సీపాప్, బైపాప్ యంత్రాలకు ఒక పరిమితి వరకు ఖర్చు తిరిగి చెల్లిస్తారు. అంటే ఇంటి యంత్రానికి నియమం రాయడం మనకు చేతకాదని కాదు. ఢిల్లీలో రిటైరైన ఉద్యోగికి రాసిన నియమాన్ని సుక్మా అవ్వకు రాయలేదు, అంతే.

అభ్యంతరాలను కూడా విందాం

బీమా నడిపేవారి మాటలోనూ నిజం ఉంది. ఆసుపత్రిలో యంత్రం ఎవరికి పెట్టారో తనిఖీ చేయవచ్చు. ఇంట్లో నిజంగా వాడుతున్నారా, అమ్ముకున్నారా అన్నది ఎలా తెలుస్తుంది? కరెంటు లేని ఊళ్లో యంత్రం ఇచ్చి ఏం లాభం? చెడిపోతే బాగుచేసేవారెవరు? ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆక్సిజన్ తాను మండదు, కాని మంటను పెంచుతుంది. పొయ్యి రగులుతున్న గదిలో, బీడీ వెలిగించిన మనిషి పక్కన ఆక్సిజన్ గొట్టం ఉంటే ఇల్లు కాలిపోవచ్చు. సీఓపీడీ రోగికి మోతాదు మించి ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మత్తులోకి జారిపోవచ్చు.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే ఇవి “ఇవ్వకూడదు” అని చెప్పే వాదనలు కావు, “ఎలా ఇవ్వాలి” అని అడిగే ప్రశ్నలు. యంత్రాన్ని రోగికి దానమిచ్చి చేతులు దులుపుకుంటే ఈ ఇబ్బందులన్నీ వస్తాయి. అరువుగా ఇచ్చి, వెంట ఉండి చూసుకుంటే చాలావరకు తీరతాయి.

అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ చేసేది దాదాపు ఇదే. అక్కడ ఇంటి ఆక్సిజన్ పరికరాన్ని కొనివ్వరు, 36 నెలలపాటు అద్దె చెల్లిస్తారు. నిర్వహణ బాధ్యత సరఫరాదారుదే. జపాన్ 1985లోనే ఇంటి ఆక్సిజన్‌ను ప్రజా బీమాలో చేర్చింది. “అవి ధనిక దేశాలు” అంటారేమో. థాయిలాండ్ చూడండి. అందరికీ ఆరోగ్య పథకాన్ని 2002లో మొదలుపెట్టిన ఆ దేశం, 2008లో మూత్రపిండాలు చెడిన రోగులకు ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌ను పథకంలో చేర్చింది. ద్రావణం సంచులను రోగి ఇంటికి చేర్చింది.

మన దేశమూ ఆ దారిలో ఒక అడుగు వేసింది. 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రులలో రక్తశుద్ధి యంత్రాలతో మొదలైంది. 2019లో పెరిటోనియల్ డయాలసిస్‌కు కూడా మార్గదర్శకాలు వచ్చాయి. ఈ పద్ధతిలో రోగి పొట్టలోని పొరనే వడపోతగా వాడుకుంటూ, సుమారు రెండేసి లీటర్ల ద్రావణాన్ని రోజుకు నాలుగుసార్లు మార్చుకుంటాడు. మన ఉద్దానంలోని కిడ్నీ రోగులకు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు ప్రయాణమంటే ఏమిటో తెలుసు. బస్తర్ అడవి దారుల్లో ఆ ప్రయాణం ఎంత కష్టమో ఊహించండి. అందుకే చికిత్సను ఇంటికి పంపడమన్న ఈ సూత్రం ముఖ్యమైనది. మూత్రపిండానికి ఒప్పుకున్న సూత్రాన్ని ఊపిరితిత్తికి ఎందుకు ఒప్పుకోకూడదు?

జాంగ్లా నుంచి దారి

ఇక్కడ బస్తర్ మనకు ఒక జవాబు కూడా చూపిస్తుంది. 2018 ఏప్రిల్ 14న ఆయుష్మాన్ భారత్ తొలి ఆరోగ్య, స్వస్థత కేంద్రం ప్రారంభమైంది ఎక్కడో కాదు, బీజాపూర్ జిల్లాలోని జాంగ్లాలో. ఇప్పుడు ఈ కేంద్రాలను ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అంటున్నారు. ఒకే కార్యక్రమానికి రెండు చేతులు: ఒకటి ఆసుపత్రి బీమా, మరొకటి ఇంటి దగ్గరి వైద్యం. వృద్ధుల సంరక్షణ, ఉపశమన చికిత్స ఈ రెండో చేతి పనులే. యంత్రాన్ని మొదటి చేయి కొని, రెండో చేయి నిర్వహిస్తే చాలు.

అందుకు మనుషులున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం దేశమంతటి ఆశా కార్యకర్తల కన్నా ముందుది. ఊళ్లోని మితానిన్ ఆక్సీమీటర్ పెట్టి చూడగలదు, వడపోత కడిగించగలదు, పొయ్యి వేరే గదికి మార్పించగలదు. కరెంటుకూ ఒక ఆధారం ఉంది. ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక ఇంధన సంస్థ 2012, 2016 మధ్య దాదాపు 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు 2 కిలోవాట్ల సౌర పలకలు అమర్చింది. యంత్రాలకూ కొంత ఆధారం ఉంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో ఉధృతిలో పీఎం కేర్స్ నిధి నుంచి లక్ష ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొనడానికి అనుమతి ఇచ్చారు. జియొలైట్ గుళికలకు తేమ శత్రువు. వాడకుండా మూలన పెట్టిన యంత్రం తనంతట తానే పాడవుతుంది. పనిచేసే వాటిని ఆరోగ్య కేంద్రం పుస్తకంలో రాసుకుని, గ్రంథాలయం పుస్తకమిచ్చినట్టు, కొలత ప్రకారం అవసరమున్న ఇంటికి ఇవ్వవచ్చు. అవసరం తీరాక తిరిగి తీసుకోవచ్చు.

ఈలోగా ఏం చేయాలి?

నియమం మారేదాకా రోగి ఆగలేడు. మీ ఇంట్లోగాని, మీ ఊళ్లోగాని ఇలాంటి రోగి ఉంటే కొన్ని పనులు చేయండి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మూడు అంకెలు రాయించండి: ఆక్సిజన్ లేకుండా విశ్రాంతిలో సంతృప్తత ఎంత, నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలి, రోజుకు ఎన్ని గంటలు. ఈ మూడూ లేని అర్జీకి బలం ఉండదు. ఇంటికి వచ్చిన 15 రోజులలోపు మందులు, పరీక్షలు పథకంలో వస్తాయేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కుటుంబంలో ఎవరికైనా ఈఎస్ఐ గాని, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం గాని ఉందేమో చూడండి. రోగి ఆ ఉద్యోగిపై ఆధారపడినవారైతే ఆ దారిన వెళ్లవచ్చు. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం వంటివి కావాలంటే 40 శాతం వైకల్య ధ్రువపత్రం తీసుకుని అడిప్ శిబిరంలో పేరు నమోదు చేయించండి. కార్డు ఉన్నా ఆసుపత్రి డబ్బు అడిగితే 14555 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంటుంది, రాతపూర్వకంగా అర్జీ పెట్టవచ్చు. యంత్రం రాకపోయినా ఆ అర్జీ వృథా కాదు. ఎంతమందికి అవసరముందో ప్రభుత్వానికి తెలిసేది అర్జీల వల్లనే.

చివరగా మీకు ఒక అభ్యాసం. మీ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, అక్కడ ఎన్ని ఆక్సిజన్ కాన్సంట్రేటర్లున్నాయో, ఎన్ని పనిచేస్తున్నాయో, గత నెలలో ఎన్ని గంటలు నడిచాయో మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఆ గంటలను 15తో భాగించండి. ఒక రోగికి ఎన్ని రోజుల ఊపిరి మూలన పడి ఉందో, ఎంత వాడుకలో ఉందో మీకే తెలుస్తుంది. ఆ లెక్కను మీ గ్రామసభలో చదవండి.

సెలవు.